ఇల్లు – వాకిలి: చూరు దోనె, నిచ్చెన

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలన్నారు. ఆ మాటలో రెండో సగం ఇప్పటికీ నిజమే. మొదటి సగం మాత్రం కొంత మారింది. తుఫాను వస్తున్నదని నాలుగు రోజుల ముందే రేడియోలోనూ, టీవీలోనూ, చేతిలోని ఫోనులోనూ చెబుతున్నారు. అయినా మనలో చాలామంది ఇంటి చూరువైపు తలెత్తి చూసేది మొదటి చినుకు పడ్డ తరువాతనే!

ఈ సంగతి రాయమని చెన్నపట్నం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వాళ్ళది తాతలనాటి పెంకుటిల్లు. చూరు కింద బిగించిన రేకు దోనె ఆకులతో నిండిపోయి, వాన వచ్చినప్పుడల్లా నీళ్ళు పొర్లి వంటింటి గోడ చెమ్మగిల్లుతున్నదట. "కూలివాడు దొరకటం లేదు, నిచ్చెన వేసుకొని నేనే ఎక్కుతానంటున్నారు మావారు. ఆయనకు అరవై రెండేళ్ళు. ఎక్కనివ్వమంటారా?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దానికి కారణం ఉంది. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి, ఆ తరువాత మీకు జవాబు చెబుతాను.

మాది బరంపురం. మా మామగారు ఉద్యోగం నుంచి రిటైరైనా ఒక్క క్షణం ఊరికే కూర్చునేవారు కాదు. తెల్లవారకుండానే బజారుకు నడిచి వెళ్ళి కూరలు తెచ్చేవారు. మేకు కొట్టాలన్నా, కుళాయి బిగించాలన్నా ఆయనే. పెరట్లో వేపచెట్టు కొమ్మలు మా చూరుమీదికి వాలి ఉండేవి. దోనెలో ఆకులు నిండాయని వేసవినుంచీ అనుకుంటూనే ఉన్నాము. రేపు, ఎల్లుండి అంటూ దసరా దాకా వచ్చింది.

2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుఫాను వచ్చింది. అది మాకు దగ్గరలోనే, గోపాలపురం వద్ద తీరం దాటింది. మధ్యాహ్నానికే గాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి. దోనె సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది మామగారికి. "ఇంత వాన కురిస్తే నీళ్ళన్నీ గదిలోకే వస్తాయి అమ్మాయీ, ఆరు నిమిషాల పని" అంటూ వెదురు నిచ్చెన తీశారు. నేను వంటింట్లో ఉన్నాను. మా వారు కిటికీలు బిగిస్తున్నారు. నిచ్చెన పట్టుకొనే మనిషి లేడు. తడిసిన సిమెంటు గచ్చు మీద నిచ్చెన కాళ్ళు జారిపోయాయి.

చప్పుడు విని పరుగెత్తాము. అప్పుడు మేము చేసిన తప్పు కూడా దాచకుండా చెబుతాను. నలుగురం పట్టి ఆయనను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాము, వేడి కాఫీ తాగించాము. తుంటి ఎముక విరిగిన మనిషిని అలా చేయకూడదని ఆ గాభరాలో ఎవరికీ తట్టలేదు. వీధిలో ఒక్క ఆటో లేదు. ఆ రాత్రంతా తుఫాను హోరులో, దీపం లేని ఇంట్లో, నొప్పితో పళ్ళు బిగపట్టుకొన్న మనిషి పక్కన కూర్చున్నాము. మర్నాడు దారిపొడుగునా పడిపోయిన చెట్ల మధ్యనుంచి మంచంమీద మోసుకొంటూ ఆసుపత్రికి చేర్చాము. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఆయన చేతికర్ర వదలలేదు, బజారుకు వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన లేరు. దోనెలోంచి ఆ తరువాత తీయించిన ఆకులు ఒక్క గంపెడు!

ఆ గంపెడు ఆకులు మనిషిని పడగొట్టకుండా ఎలా తీయాలన్నదే ఈ నెల నేను చెప్పదలచినది.

మొదట, ఈ దోనె ఎందుకు ముఖ్యమో చూడండి. మన ముంబయి, షోలాపూరు సోదరీమణులు "గటార్" అంటే వీధిలోని మురికికాలువ అనుకొంటారు. నేను చెప్పేది దానిని గురించి కాదు. కప్పుమీది వాన నీటిని పట్టి గొట్టంలోకి పంపే చూరు దోనె, మేడ ఇళ్ళయితే పిట్టగోడ మూల ఉండే తూము. అది చేసే పని ఎంతో తెలుసా? ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల కప్పుమీద గంటలో 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. అంటే పన్నెండు పీపాల పైమాట! 2005 జూలై 26న ముంబయి శాంతాక్రజులో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అటువంటి కప్పుమీద ఆ రోజు పడిన నీరు తొంభైనాలుగు వేల లీటర్లన్నమాట.

ఆ నీటికి దారి లేకపోతే అది గోడ నెత్తిన దిగుతుంది. వాసాల చివరలు పుచ్చుతాయి, తడిసిన కర్రను చెదలు వెతుక్కుంటూ వస్తాయి, సున్నం పెచ్చులుగా రాలుతుంది. గోడలో కరెంటు తీగలుంటే మరీ ప్రమాదం. దోనె కూడా నిలవదు. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు, ఇరవై అడుగుల పొడవు ఉన్న దోనె నీటితో నిండితే తొంభై కిలోల పైచిలుకు బరువు తూగుతుంది. తుప్పు పట్టిన కొక్కేలు ఆ బరువు ఎంతకాలం మోస్తాయి? ఇంకొక సంగతి, డెంగీ జ్వరం తెచ్చే దోమ మురికినీటికన్నా ఇటువంటి నిలవ వాన నీటినే కోరుకొంటుంది. గుడ్డునుంచి దోమ కావటానికి వారం పది రోజులు చాలు. పైన దోనెలో నీళ్ళు నిలిస్తే కింద ఉయ్యాలలోని పసివాడికి ముప్పు.

ఇక ఎప్పుడు శుభ్రం చెయ్యాలి? మనం తెలుగువాళ్ళమే అయినా ఒక్కొక్కరం ఒక్కొక్క వాన కింద ఉన్నాము. ముంబయివారికి జూన్ రెండో వారానికి వాన దిగుతుంది. షోలాపూరులో సెప్టెంబరులో ఎక్కువ. బెంగుళూరులో ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద వాన. చెన్నపట్నానికి అసలు వానాకాలం అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా. మా బరంపురం, పర్లాకిమిడి వైపు, యానాం వైపు జూన్‌నుంచి వానలు, వాటి వెనుక అక్టోబరు, నవంబరుల్లో తుఫానులు. కోనసీమను ముంచిన 1996 తుఫాను నవంబరు 6న వచ్చింది కదా.

ఇన్ని లెక్కలు గుర్తుండవు గనుక మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. ఉగాదికి ఇల్లు దులుపుతాము, దసరాకు మళ్ళీ దులుపుతాము. ఎక్కడ ఉన్నా ఈ రెండు పండుగలనూ మనం విడిచిపెట్టలేదు. ఆ దులుపుడులో దోనెను కూడా చేర్చండి. శిశిరంలో రాలిన ఆకులు ఉగాదికి పోతాయి, వానాకాలంలో చేరిన నాచు, మట్టి దసరాకు పోతాయి. ముంబయివారు మే నెలాఖరున మరొకసారి చూడండి. ఆ పైన పెద్ద గాలివాన ఏదైనా వచ్చి వెళితే, ఎండ కాసిన మొదటి రోజున ఒక చూపు. పండుగకు వారం ముందు, నింపాదిగా, ఎండలో చేసిన పనికీ, తుఫాను తలుపు తట్టినప్పుడు చేసిన పనికీ ఎంత తేడా ఉందో మాకు బాగా తెలుసు.

పని చేసే విధానం చెబుతాను. మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న, అసలు ఎక్కక తప్పదా అని. ఒంటి అంతస్తు ఇంటికి చాలాసార్లు తప్పుతుంది. పొడుగాటి ఎండు వెదురు గడ చివర వంచిన రేకుముక్క కట్టి, కిందనుంచే ఆకులను లాగవచ్చు. కళ్ళలో మట్టి పడకుండా పక్కకు నిలబడండి. దగ్గరలో కరెంటు తీగ ఉంటే మాత్రం గడ కూడా ఎత్తవద్దు. మేడ ఇంటివారు మెట్లెక్కి తూము మూతి దగ్గర చీపురుతో ఊడ్చుకోవచ్చు. పిట్టగోడ మీదికి ఎక్కటం, దానిమీదనుంచి వంగటం మానండి.

ఎక్కక తప్పదంటే, ఎవరు ఎక్కాలి? అరవై దాటినవారు, తల తిరిగే జబ్బున్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు, ఏకాదశి ఉపవాసం ఉన్నవారు ఎక్కరాదు. పిల్లలను ఎక్కించరాదు. ఎక్కేవారు వేళ్ళాడే పంచెకట్టుతో, హవాయి చెప్పులతో ఎక్కరాదు. బిగుతైన దుస్తులు, రబ్బరు అడుగున్న బూట్లు ఉండాలి. ఉదయం పూట, పొడి ఎండలో పని పెట్టుకోవాలి. చినుకు పడినా, గాలి వీచినా, మబ్బులో మెరుపు కనిపించినా, పొద్దు వాలినా దిగిపోవాలి. మిగిలిన ఆకులు రేపటిదాకా అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు.

నిచ్చెన సంగతి. సంవత్సరమంతా ఎండకూ వానకూ పెరట్లో పడి ఉన్న వెదురు నిచ్చెన కట్లు మెత్తబడి ఉంటాయి. ప్రతి మెట్టునూ కిందనే తొక్కి చూడండి. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన అడుగు గోడకు దూరంగా ఉండాలి. పన్నెండు అడుగుల చూరు అయితే మూడు అడుగుల దూరం. అంతకన్నా నిలువుగా ఉంటే వెనక్కు పడుతుంది, అంతకన్నా వాలుగా ఉంటే కాళ్ళు జారుతాయి. అడుగున గట్టి, చదునైన, పొడి నేల ఉండాలి. రాళ్ళు, ఇటుకలు ఎత్తుపెట్టకూడదు. నిచ్చెన తల చూరుకన్నా మూడు అడుగులు పైకి ఉండి, గట్టి వాసానికి తాడుతో కట్టి ఉండాలి. రేకు దోనెకు ఆనించారా, అది నొక్కుకుపోతుంది, నిచ్చెన పక్కకు జారుతుంది.

ఒక మనిషి కింద నిచ్చెన పట్టుకొనే ఉండాలి. ఫోను మోగినా, పాలు పొంగినా కదలకూడదు. పైనున్నవారు రెండు కాళ్ళు, ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెనమీదనే ఉంచుకోవాలి. బొడ్డు నిచ్చెన రెండు కర్రల మధ్యనే ఉండాలని గుర్తు పెట్టుకోండి. చెయ్యి అందక బొడ్డు కర్ర దాటిందంటే దిగి నిచ్చెన జరపవలసిందే. ఈ దిగటానికి బద్ధకించే చాలామంది పడతారు. పనికిరాని ఆశతో ఉన్నవాడిని చూరు పట్టుకొని వేళ్ళాడుతున్నాడంటాము. దానిని నిజం చేయవద్దు సుమండీ! పై మూడు మెట్ల మీద నిలబడకూడదు. బకెట్టును తాడుతో కొక్కేనికి తగిలించాలి గాని చేత పట్టుకొని ఎక్కరాదు.

కరెంటు తీగ ఉన్న వైపు ఇనుప, అల్యూమినియం నిచ్చెనలు ఎత్తవద్దు. తడిసిన వెదురును కూడా నమ్మవద్దు. కనీసం పది అడుగుల దూరం ఉండాలి. అంత చోటు లేకపోతే కరెంటు ఆఫీసువారిని పిలిచి, తీగలో కరెంటు ఆపించిన తరువాతనే పని.

కప్పుమీద అడుగు పెట్టకపోవటమే మేలు. మనవాళ్ళు బెంగుళూరు పెంకు అని పిలిచే మంగుళూరు పెంకు మనిషి బరువుకు చిట్లుతుంది. గూనపెంకు సంగతి చెప్పనే అక్కరలేదు. సిమెంటు రేకు ఇంకా మోసకారి. చూడటానికి గట్టిగా ఉంటుంది, కాలు పెడితే పగిలి మనిషిని గదిలోకి దించుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది గనుక వాటిని పొడిగా గోకరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

దోనెలో చెయ్యి పెట్టేముందు తొంగి చూడండి. తేళ్ళు, కందిరీగల గూళ్ళు, ఒక్కొక్కప్పుడు పాము కూడా ఉంటాయి. మందపాటి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఎలుకల మూత్రం తగిలిన తడి, చేతిమీది పుండుకు అంటితే జ్వరం రావచ్చు. పావురాల రెట్ట ఉంటే ముందు నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తీయాలి.

ఆకులు తీసే క్రమం ఇది. గొట్టం మూతి దగ్గర మొదలుపెట్టి అవతలి చివరకు పోవాలి. ఆకులు గొట్టంలోకి నెట్టరాదు, బకెట్టులోకి తీయాలి. అంతా తీశాక అవతలి చివర రెండు చెంబుల నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు సాఫీగా నడిచి గొట్టంలోంచి కింద పడితే సరే. నడుమ నిలిస్తే దోనె వాలు తప్పిందన్నమాట. పది అడుగులకు పావు అంగుళం వాలు చాలు, కొక్కేలు సరిచేయించాలి. నీళ్ళు దిగకపోతే గొట్టంలో అడ్డు ఉంది. కింది చివరనుంచి పొడుగాటి బెత్తంతో కదిలించాలి. అతుకుల దగ్గర చుక్కలు కారితే తడి ఆరిన తరువాత ఎం-సీల్‌తో పూడ్చండి. తుప్పు గోకి, రెడాక్సైడు పూసి, పైన రంగు వేయండి. గొట్టం మూతికి ఇనుప జాలీని బుట్టలా వంచి బోర్లిస్తే ఆకులు లోపలికి పోవు. అయితే జాలీ పెట్టామని నిశ్చింతగా ఉండరాదు, దానినీ ఊడ్చాలి. కప్పుమీదికి వాలిన కొమ్మలను కొట్టిస్తే సగం పని తగ్గుతుంది. మేము వేపకొమ్మ కొట్టించింది మామగారు పడిన తరువాత.

తమిళనాడులో 2003 నుంచి ఇళ్ళకు వాన నీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేశారు గదా, అక్కడివారికి ఇంకొక మాట. కప్పును, దోనెను కడిగిన నీరూ, మొదటి వాన నీరూ తొట్టిలోకి గాని బావిలోకి గాని పోనివ్వకండి. బయటికి వదిలిన తరువాత మంచి నీటిని పట్టండి.

కూలిమనిషిని పిలిపిస్తే మన బాధ్యత తీరిపోయిందనుకోవద్దు. మామగారు పడిన మరుసటి సంవత్సరం ఒక కుర్రవాణ్ణి పిలిచాము. అతను ఎక్కుతుంటే నేను వెళ్ళి నిచ్చెన పట్టుకొన్నాను. అతను పైనుంచి నవ్వి, "ఇన్నేళ్ళుగా ఎక్కుతున్నానమ్మా, ఇంటివాళ్ళు నిచ్చెన పట్టుకోవటం ఇదే మొదలు" అన్నాడు. నాకు సిగ్గు వేసింది. అంతకు ముందు మా ఇంటికి వచ్చినవాళ్ళకు నేను మాత్రం పట్టుకొన్నానా? అతని కోసం ఎదురుచూసే తల్లి ఒకతె ఉంటుంది గదా. మన ఇంటివాడిని ఎక్కించకూడని నిచ్చెన మీదికి పరాయి ఇంటివాడినీ ఎక్కించకూడదు. తొందరపెట్టకూడదు, బేరమాడి సగం కూలికి ఒప్పించకూడదు.

ఎంత జాగ్రత్తపడినా ఎవరైనా పడితే లేవదీయకండి, కూర్చోబెట్టకండి. పడినచోటనే కదలకుండా ఉంచి, దుప్పటి కప్పి, 108కి ఫోను చేయండి. తలో మెడో నడుమో తగిలి ఉంటే మన ఆప్యాయతే వారికి హాని చేస్తుంది. కాఫీ, మంచినీళ్ళు కూడా ఇవ్వరాదు, ఆపరేషను అవసరం పడవచ్చు. ఇది మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం.

ఇప్పుడు చెన్నపట్నం సోదరికి జవాబు. అమ్మా, మీవారిని ఎక్కనివ్వవద్దు. ఆయనకు కోపం వస్తే రానివ్వండి. ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఇవాళ వాన లేకపోతే వెదురు గడతో కిందనుంచి అందినంత లాగండి. వాన మొదలైపోతే కారే చోట బకెట్టు పెట్టుకోండి, గోడకు ఆనుకొన్న సామాను జరపండి, ఆ గది కరెంటు ఆపండి. ఎండ వచ్చాక మనిషిని పిలిచి, నిచ్చెన మీరిద్దరూ పట్టుకోండి. ఊరికే ఉండలేని మనిషి గదా, ఆ పెత్తనం ఆయనకు ఇవ్వండి. గోడ తడిస్తే సున్నం వేయించవచ్చు, వాసం పుచ్చితే మార్పించవచ్చు.

మా ఇంట్లో ఆ వెదురు నిచ్చెన ఇప్పుడు లేదు. ఉగాది ముందు వారం మా అబ్బాయి కొత్త నిచ్చెన తీసి, ఎక్కేముందు, "అమ్మా, వచ్చి పట్టుకో" అని కేకవేస్తాడు. పొయ్యి ఆర్పి వెళతాను.